సంతలో చెంచాడు చక్కెర

కట్టుకున్న భార్య తనను చంపేస్తోందని నిండు సంతలో కేకలు పెట్టిన మొగుడు మా కోంట ఊళ్ళో ఇప్పటివరకూ ఒక్కడే ఉన్నాడు. అది నేనే. ఆమె చేతిలో ఉన్న మారణాయుధం చెంచాడు చక్కెర. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. జరిగి ఏళ్ళు గడిచినా నాకు మాత్రం ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరిమీద మండిపడాలో తేలక ఆ మంట అలాగే నిలవ ఉండిపోయింది.

మాది అటవీ సరుకుల వ్యాపారం. చింతపండు, కరక్కాయ, ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు. కిష్టారం, మరైగూడ వైపు ఊళ్ళవాళ్ళు తెల్లవారకుండానే చెట్లకింద రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, బుట్టల్లో సంతకు తెస్తారు. పువ్వు సరిగ్గా ఎండిందో లేదో చూడాలంటే గుప్పెడు తీసుకుని గట్టిగా పిసకాలి. ఆ పిసకడంలో నాకు మంచి పేరుంది. ఆ పేరే నా కొంప ముంచింది.

ఆ ఏడు పువ్వు రాలడానికి కొద్దిగా ముందు నాకు షుగరు ఉందని తేలింది. కాలిమీద పుండు మానడం లేదని భద్రాచలంలో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన రక్తం పరీక్ష చేయించి ఆ మాట తాపీగా చెప్పాడు. నేను ఊరుకుంటానా? మా వంశంలో ఎవరికీ లేదన్నాను. మిఠాయి దుకాణం గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో వివరించాను. ఇంకెవరి రక్తమో నా పేరుమీద రాశారేమో చూసుకోమన్నాను. ఆయన అంతా విని మాత్రలు రాశాడు, అన్నం తగ్గించమన్నాడు, రోజూ నడవమన్నాడు, వేలు పొడిచి చూసుకునే చిన్న యంత్రం ఒకటి కొనుక్కోమన్నాడు. ఇంకా ఏవేవో జాగ్రత్తలు చెప్పాడట. నేను వాదించే పనిలో ఉండి వినలేదు. నా భార్య వరలక్ష్మి వింది.

ఇక ఊళ్ళోవాళ్ళ సంగతి చెప్పాలి. నాకు షుగరొచ్చిందని తెలిసిన మరుక్షణం మా బజారులో ప్రతివాడూ వైద్యుడైపోయాడు. ఒకాయన కాకరకాయ రసమన్నాడు, ఒకాయన నేరేడు గింజల పొడి అన్నాడు. తూకం వేయించుకోవడానికి వచ్చినవాడు కూడా నా నాలుక చాపమని చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. అంత అవమానం నేను పుట్టి ఎరగను.

యంత్రం మాత్రం మొదట్లో బుద్ధిగానే ఉంది. పొద్దున్నే స్నానం చేసి ఇంట్లో చూసుకుంటే అంకె రోజురోజుకీ దిగుతూ వచ్చింది. పువ్వు కాలం మొదలయ్యాక ఇంట్లో తీరిక దొరక్క దాన్ని దుకాణానికి తెచ్చుకుని, మధ్యాహ్నం బస్తాల మధ్యే కూర్చుని చూసుకోవడం మొదలుపెట్టాను. అంతే, దానికి పిచ్చిపట్టింది. అంకె ఎక్కడో ఆకాశంలో కూర్చుంది.

తిన్నది గుప్పెడు జొన్నన్నం, ఆకుకూర. మరి ఇంత చక్కెర ఎక్కడినుంచి వస్తోంది? ఆలోచించగా ఆలోచించగా ఇంట్లో వంట చేసే మనిషి మీదికి నా అనుమానం వెళ్ళింది. కూరలో బెల్లం వేస్తున్నావా అని వరలక్ష్మిని నిలదీశాను.

"ఏందండీ మీరనేది? కూరల బెల్లమేస్తే మీ నాలుకకు తెలవదా?" అంది.

తెలియకుండా వేసే పద్ధతులుంటాయని అన్నాను. ఆమె గరిటె నా చేతిలో పెట్టి బయటికి నడిచింది. ఆనాటినుంచి నా వంట నాదే. సొరకాయ ఉడకబెట్టుకుని ఉప్పు చల్లుకుని తిన్నాను. అయినా మధ్యాహ్నం యంత్రం చూపించే అంకె తగ్గలేదు. పైగా యంత్రం పెట్టుకునే సంచికి చీమలు పట్టాయి. వరలక్ష్మి అది చూసి, దీనికి చీమలెందుకు పట్టినయ్ అని అడిగింది. నా రక్తం ఎంత తియ్యగా మారిపోయిందో ఇప్పటికైనా కళ్ళారా చూడమని ఆ చీమల్ని ఆమెకే సాక్ష్యంగా చూపించాను. అప్పుడైనా నా బుర్ర పనిచేసి ఉంటే మీకు ఈ కథ చెప్పే అవసరం ఉండేది కాదు. అది పనిచేసింది, కానీ తప్పుడు దిక్కులో. డాక్టరు రాసిన మాత్రలు చాలడం లేదని తేల్చుకుని, ఆయన్ని అడగకుండా నేనే పెంచేశాను. తిండి ఇంకా తగ్గించాను.

సంత రోజు వచ్చింది. పొద్దుటినుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా బుట్టల మీద బుట్టలు పిసుకుతున్నాను. ఎండ నెత్తికెక్కేసరికి చేతులు వణకడం మొదలైంది. చొక్కా తడిసి ముద్దయింది. ఎదురుగా ఉన్న మనిషి ఇద్దరుగా కనిపిస్తే ఇద్దరినీ కసురుకున్నాను. బస్తామీద కూలబడి యంత్రం తెమ్మన్నాను. వణికే వేలు పొడిచి చుక్క పెడితే అంకె రాలేదు. ఇంగ్లీషులో రెండు అక్షరాలు వచ్చాయి. నా బావమరిది శీను వంగి చూశాడు.

"హాయ్ అంటున్నది బావా. పలకరిస్తున్నదేమో," అన్నాడు.

వాడు వేళాకోళానికి అనలేదు. వాడికి అంతకన్నా తెలియదు. కొలవలేనంత ఎక్కువైతే అలా చూపిస్తుందని యంత్రం అమ్మిన కొట్టువాడు నాకు చెప్పి ఉన్నాడు. నా ప్రాణం పోవడం ఖాయమనుకుని, ఉన్న మాత్రలన్నీ తెమ్మన్నాను. ఈలోగా వరలక్ష్మి పరుగున వచ్చింది. చెమట, వణుకు చూసింది, యంత్రం వంక చూడనైనా లేదు. పక్క టీకొట్టులోంచి చక్కెర డబ్బా లాక్కొచ్చి చెంచాడు నా నోట్లో కుక్కింది.

నేను దాన్ని ఉమ్మేసి లేచి నిలబడ్డాను. నాకు తెలిసిన భాషలన్నిట్లో, తెలుగులో, హిందీలో, వచ్చీరాని దోర్లీలో, ఈ ఆడది నన్ను చంపుతోందని సంతంతటికీ చాటాను. తూకాలు ఆగిపోయాయి. కోళ్ళు అమ్మేవాళ్ళు కోళ్ళతో సహా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆ తర్వాత నాకు కాళ్ళు నిలవలేదు.

శీను జీపులో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. దారిలో వరలక్ష్మి ఒక సీసా నా నోటికి పెట్టి, డాక్టరు తాగించమన్న మందు అంది. తియ్యగా ఉందేమిటని గొణిగాను. "మందు తియ్యగుండద్దని రాసుందా? తాగండి," అంది. తాగాను. భద్రాచలం చేరేసరికి లేచి కూర్చుని పోట్లాడే ఓపిక వచ్చింది.

డాక్టరు నా వేలు దూదితో శుభ్రంగా తుడిచి, ఆసుపత్రి యంత్రంతో చూశాడు. అంకె మామూలుగా ఉంది. సంతలో నా రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంటుందనీ, చెమట, వణుకు వస్తే వెంటనే చక్కెర పెట్టమని మొదటే చెప్పాననీ, ఆవిడ పోసిన చక్కెర నీళ్ళవల్లే బతికాననీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మీ యంత్రం పాడైందని చెప్పి, నాది బయటికి తీసి రెండో చేతివేలు పొడిచి చూపించాను. అది మళ్ళీ ఆ రెండక్షరాలే చూపించింది. చూశారా అన్నాను విజయగర్వంతో.

ఆయన నా చేయి పట్టుకుని వాసన చూశాడు.

"మీరు ఏం వ్యాపారం చేస్తారు?"

"ఇప్పపువ్వు."

"లేచి చేతులు కడుక్కుని రండి."

కడుక్కుని వచ్చి అదే యంత్రంలో చూసుకున్నాను. మామూలు అంకె వచ్చింది. ఇన్నాళ్ళూ నేను కొలిచింది నా రక్తాన్ని కాదు, వేళ్ళకంటిన ఇప్పపువ్వు తియ్యటి జిగురుని. ఒక పువ్వుకు షుగరొస్తే దానికి నేను పథ్యం చేశాను, దానికి నేను మాత్రలు మింగాను. సొంతంగా మాత్రలు పెంచినందుకు డాక్టరు పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. అవి వరలక్ష్మికి బాగా నచ్చాయి.

తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆమె పక్కనే కూర్చున్నాను. నేనే తప్పయిపోయిందన్నాను.

"నేను చంపేదాన్నే అయితే," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇన్నేండ్లు వంట ఎందుకు చేస్త?"

ఇంటికొచ్చాక ఆమె వండిన కూర ఏమీ అడగకుండా తిన్నాను.

మరుసటి సంతకు దుకాణం తెరిచాను. శీను నోరు ఊరుకునేది కాదు కదా. కిష్టారంనుంచి వచ్చిన ముసలమ్మ బుట్ట దించకముందే, "సేఠ్, హాథ్ ధోయా?" అని అడిగింది. ఆమె వెనకాల ఉన్నవాళ్ళు తమ తమ భాషల్లో అదే అడిగారు. ఇప్పటికీ ఈ బజారులో నాకు రామ్ రామ్ చెప్పేవాడు లేడు. చేతులు కడుక్కున్నావా అనే పలకరింపే.

అందుచేత సమస్త ప్రజలకూ నేను గంభీరంగా ప్రకటించేదేమిటంటే, సబ్బుతో చేతులు కడగందే వేలు పొడుచుకోను. డాక్టరు చెప్పినదానికి ఒక్క మాత్ర కలపను, ఒక్కటి తీసెయ్యను. వరలక్ష్మి చక్కెర చెంచాతో వస్తే ఎందుకని అడగకుండా నోరు తెరుస్తాను. ఒకవేళ మళ్ళీ ఉమ్మేస్తే, ఆమె నన్ను సంత నడిమధ్యన నిజంగానే చంపెయ్యవచ్చు. చూసినవాళ్ళెవరూ సాక్ష్యం చెప్పనక్కర్లేదు.