నూట యాభై డిగ్రీల జ్వరం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: తెలియని పనికి కూడా ముందు "తెలుసు" అనేస్తే, తెలివి వెనకాలే నడిచి వస్తుందని. ఆరో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడికి అంతకంటే పెట్టుబడి ఏముంటుంది? ఆ నమ్మకంతోనే డెబ్భైల్లో మస్కట్ చేరి, అక్కడ రువీ అనే పేటలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దొర ఇంట్లో వంటవాడినయ్యాను. (అప్పటికి నాకు వచ్చిన వంట టీ ఒక్కటే.) ఆ పక్క పేట హమ్రియాలో రూమ్. నాతో పాటు కడప భాయ్ అనే వెల్డరు ఉండేవాడు. గడ్డం పెంచాడు, నమాజు తప్పడు, మందు వాసన తగిలితే గోడవైపు తిరిగి పడుకుంటాడు.

దొరకి బీరు ఇంట్లోనే తయారుచేసుకునే పిచ్చి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని బరకగా ఆడించి, పెద్ద గిన్నెలో వేడినీళ్లతో కలిపి, దుప్పటి చుట్టి, గంటసేపు నూట యాభై ఫారన్‌హీట్ డిగ్రీల వేడిలో నిలపాలి. వేడి మరీ పెరిగితే గింజలోని పిండి తీపెక్కదు, తగ్గితే బీరు నీళ్లలా ఉంటుంది. ఆ వేడి చూసుకోవడం తెలుసా అన్నాడు. తెలుసన్నాను. తర్వాత ఆయన పొడుగాటి థర్మామీటరుతోనే పప్పు కలియబెట్టి రెండు ముక్కలు చేసి, గుడ్డలో చుట్టి పారేశాను.

శుక్రవారం బీరు పెట్టాలి. గురువారం సాయంత్రం ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడ నర్సు సిస్టరక్క, బాపట్ల వైపు మనిషి, మా తెలుగువాళ్లందరికీ అక్క. కడప భాయ్‌కి ఒళ్లు కాలిపోతోందని చెప్పి, కళ్లల్లో నీళ్లు కూడా తెప్పించాను. ఆవిడ వార్డు థర్మామీటరు నా చేతిలో పెట్టింది.

"జాగ్రత్త తమ్ముడూ. ఇది బయటికిచ్చానని తెలిస్తే మేట్రన్ నన్ను ఇంటికి పంపించేస్తుంది."

మర్నాడు దొర సముద్రస్నానానికి వెళ్లగానే గిన్నెలో గింజలు కలిపి, ఆ థర్మామీటరు ముంచాను. జ్వరం చూసేదాంట్లో అంకెలు నూట ఎనిమిదితో అయిపోతాయని అప్పుడు చూశాను. మిగతా నలభై రెండూ లోపలెక్కడో ఉంటాయనుకుని ఇంకాస్త లోతుకి దింపాను. టక్‌మంది. పాదరసం పూసలు పూసలుగా బార్లీలోకి జారిపోయింది. అప్పుడు నేను చేసిన పని ఇన్నేళ్లయినా చెప్పడానికి సిగ్గే: గరిటెతో కలిపేసి, దుప్పటి చుట్టి, ఏమీ ఎరగనట్టు రూమ్‌కి వచ్చేశాను.

రూమ్‌లో సిస్టరక్క ఉంది. నైట్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా, ఎండలో గంజి ఫ్లాస్కు మోసుకుంటూ నడిచొచ్చింది. కడప భాయ్ తల మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. అక్క పడుకోమంది కాబట్టి ఆయన మర్యాదగా పడుకుని ఉన్నాడు. ఓరకంట నన్ను చూసి గొణిగాడు: "ఏమిరా, నాకు జ్వరమంట గదా. నాకే తెలీకపాయ."

ప్రార్థన అయ్యాక ఆవిడ థర్మామీటరు అడిగింది. నా నాలుక జీవితంలో మొదటిసారి అబద్ధమాడనని మొండికేసింది. మొత్తం చెప్పేశాను. కడప భాయ్ లేచి కూర్చుని, "బీరు కోసరమా, నాకు జ్వరం తెప్పిస్తివి?" అని గోడవైపు తిరిగాడు. అక్క మాత్రం తన ఉద్యోగం మాట ఎత్తలేదు. "ఎవరైనా తాగారా?" అని అడిగి, చెప్పులు వేసుకుని ముందు నడిచింది. దొర వచ్చేసరికి ఇద్దరం పెరట్లో గొయ్యి తవ్వి గిన్నె బోర్లిస్తున్నాం. నా ఒప్పుకోలంతా విని ఆయన దిగులుగా అడిగింది ఒక్కటే: పగిలేముందు వేడి ఎంత ఉందని.

శనివారం పొద్దున్నే మేట్రన్ ముందు నిలబడి, తప్పు నాదే, అక్కని ఏమీ అనొద్దని వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, హిందీలోనే తాపీగా జవాబిచ్చింది:

"నర్సు కడుగుతుంటే చెయ్యి జారిందంది. రాత్రి ఎవరో గడ్డమాయన వచ్చి, తన నోట్లోనే విరిగిందని చెప్పి పోయాడు. నువ్వు మూడోవాడివి. ఇంకెవరైనా ఉన్నారా?"

అక్క ఉద్యోగం పోలేదు. అబద్ధమాడటం నాకొక్కడికే వచ్చనుకుని ఊళ్లేలిన ఆ కుర్రాడు, ఎన్నడూ అబద్ధమాడని ఇద్దరు తన కోసం అంత అధ్వానంగా అబద్ధమాడారని విని, ఆసుపత్రి మెట్ల మీద చెవులు కాలిపోతూ కూర్చుండిపోయాడు. వాడిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. కానీ నా మొహం మాత్రం ఎవరికీ చూపించాలనిపించదు.