చిన్నతాత వేళ్ళు

గుర్రప్పిల్ల నోట్లో వేళ్ళు పెట్టి చూశాక, వాటిని తువ్వాలుతో ఒక్కొక్కటిగా తుడుచుకునేవాడు మా చిన్నతాత. తెల్లదొరల కాలంలో, ఎండాకాలం కంభం చెరువు నీళ్ళు తగ్గి బయటపడ్డ బయల్లో ఏటా ఆడ గుర్రప్పిల్లల పందెం జరిగేది. పాలపళ్ళు ఊడని వాటికే అందులో చోటు. పళ్ళు చూసి చెప్పేది చిన్నతాతే. తన పిల్లను దింపిన ఏడు మాత్రం చూడకూడదని కట్టుబాటు.

ఆయన తన పిల్లను దింపింది ఒక్కసారే. ఆ ఏడు పళ్ళు చూసింది ఊరి మునసబు మనిషి. మునసబు ముదురు గుర్రాన్ని పిల్ల అని చెప్పి దింపాడు. దాన్ని అందుకోబోయి మా పిల్ల కాలు విరిగి పడింది, సాయంత్రానికి చచ్చిపోయింది. పందెం మునసబు గుర్రమే గెలిచింది.

మరుసటేడు పళ్ళు చూసే పని మళ్ళీ ఆయనకొచ్చింది. ఈసారి మునసబు తెచ్చింది నిజంగా లేతపిల్లే. పక్కనే నిలబడ్డ నాకూ పాలపళ్ళు కనపడ్డాయి.

"ఇది ముదురు. తోలుకపోండి," అన్నాడు చిన్నతాత.

"ఏంది మామా, కండ్లు పోయినాయా? అందరి ముందర దీని నోరు తెరిపిస్తా!" అని అరిచాడు మునసబు.

"తెరిపియ్యి అల్లుడూ. పోయినేడు గెలిచినదాన్ని గూడా తోలుకరా. దాని పాలపళ్ళన్నీ ఒక్క ఏడులోనే ఊడినాయేమో, రెండిటి నోర్లూ అందరం చూద్దాం."

మునసబు పిల్లను వెనక్కి తిప్పుకున్నాడు. చిన్నతాత తీరిగ్గా వేళ్ళు తుడుచుకున్నాడు, చిటికెన వేలితో సహా.

అది అన్యాయమని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన బతికున్నన్నాళ్ళూ, ఆయన లెక్కలో, మునసబు ఇంట లేతపిల్ల ఒక్కటీ పుట్టలేదు.