మా మేనత్త బూడిదరంగు కారు

పోయిన నెల మా మేనత్త యెమ్మిగనూరులో తన ఇంట్లోనే కన్నుమూసింది. ఆ కబురు నాకు చెప్పింది ఆమె మరిది. ఆదోని నుంచి ఫోన్ చేసి, "మీ అత్త పోయిందమ్మా" అన్నాడు. నేను ఏడుపు దిగమింగుకునేలోగానే, "కారు తాళాలు యాడుండాయో నీకేమన్నా తెలుసునా?" అని అడిగాడు. ఆమె ఆత్మకు శాంతి కలగాలని చాలామంది నాతో అన్నారు. నేను అనను. శాంతి ఆమె ఒంటికి ఏనాడూ పడలేదు. తాళాలంటారా, నా దగ్గరే ఉన్నాయి.

మా మామ ఆదోనిలో పత్తి దలాలీ చేసేవాడు. పాత తెల్ల అంబాసిడర్ ఆయన ప్రాణం. వాళ్ల వంశంలో ఎవరి పెళ్లయినా మెరవణి ఆ కారులోనే జరగాలి, పెళ్లికొడుకు అందులోనే ఊరేగాలి. మామ పోయిన కొన్నాళ్లకు మరిది పెద్దకొడుకు పెళ్లి వచ్చింది. అత్త తనే బకెట్టు పట్టుకుని కారు కడిగింది. దగ్గరుండి పూలు కట్టించింది. కారు కదులుతుంటే చూద్దామని గడప దాటేసరికి, బంధువులందరి ముందు మరిది చెయ్యి అడ్డం పెట్టాడు.

"వదినా, నువ్వు లోపలికి పో. మంచి పనికి పోతాండాం, ఎదురు రావద్దు."

ఆమె లోపలికి వచ్చింది. వంటింట్లో ఉన్న నేను, ఏడుస్తుందేమో అనుకున్నాను. పీట మీద కూర్చుని, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నన్ను అడిగింది.

"మీ మామ ఇడిసిపెట్టి పోయినోళ్లమే గదా పాపా, ఆ కారూ నేనూ. అది ముందర పోవల్ల, నేను లోపలికి పోవల్లనా?"

తర్వాత మరిది భార్య కూడా పోయింది. ఆయన్ను మాత్రం ఏ పెళ్లిలోనూ ఎవరూ లోపలికి పొమ్మనలేదు. ఇవాళ్టికీ పట్టు కండువా వేసుకుని ముందు వరసలో నిలబడతాడు. ఇది రాస్తూ కూడా పళ్లు కొరుక్కుంటున్నాను.

అత్త ఆదోని ఇల్లు వదిలి యెమ్మిగనూరు చేరింది. కారును కూడా వెంట తెచ్చుకుంది. కొన్నేళ్లు అది చెట్టు కింద తుప్పు పట్టింది. ఒకరోజు ఉన్నట్టుండి బాగుచేయిస్తానంది. మరిది చిన్నకొడుకు పెళ్లి దగ్గరపడుతోంది. "వదిన మనసు మెత్తబడింది" అని ఆదోనంతా చెప్పుకున్నాడాయన పాపం.

ఆదోని రోడ్డులోని ఒక షెడ్డులో పని జరిగింది. తుప్పు రేకులు కోసేసి కొత్తవి అతికారు, లప్పం పెట్టి నునుపు చేశారు, ప్రైమర్ కొట్టారు. బూడిదరంగు ప్రైమర్ ఆరాక అత్త కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"చాలు భాయ్. ఇంగ ఆపు."

పెయింటర్ భాయ్ నవ్వాడు. "ఇది లోపలి కోటింగు అమ్మా. దీనిమీద తెలుపు కొట్టల్ల. అప్పుడు సూడు, దాంట్లో నీ మొగం కనపడతాది."

"ఎవురి మొగమూ కనపడొద్దు. ఇట్లే ఉండల్ల."

"పని సగంలో ఇడిసిపెట్టినాడంటారమ్మా జనం. నా షెడ్డు ఇజ్జత్ పోతాది."

"నా ఇజ్జత్ పోయిన దినం ఎవురన్నా అడిగినారా?"

భాయ్ చాలా బతిమాలాడు. ఉత్త ప్రైమర్ అయితే నీళ్లు పీల్చుకుంటుందనీ, ఒక్క వానాకాలానికే మళ్లీ తుప్పు లేస్తుందనీ చెప్పాడు. కారు పాడవడం ఆమెకూ ఇష్టం లేదు. చివరికి ప్రైమర్‌లాగే కనపడే మ్యాట్ పెయింటు వేసి, పైన మెరుపు లేని క్లియర్ కోటు కొట్టడానికి ఒప్పందం కుదిరింది. పాత డోరు మీద రకరకాలుగా కొట్టి చూపించాడు. వాటిలో ఒకటి నాకు బాగా నచ్చింది, సన్నగా పట్టుచీర నిగ్గులాంటిది ఉంది దానికి. అత్త ఆ డోరును ఎండలోకి తెప్పించి వంగి చూసింది. "ఇది పెండ్లికి పనికొస్తాది. వద్దు" అంది. అన్నిటికంటే మొద్దుగా, పొయ్యిలో బూడిదలాగా ఉన్నదాన్నే ఎంచుకుంది. అంత శ్రద్ధగా ఆమె చీర కొనడం కూడా నేను చూడలేదు.

మరిది కారు కోసం పూల బుట్టలతో సహా వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేంది వదినా, ఇంగా పెయింటు కొట్టిచ్చలేదా?"

"అంతా అయిపోయినాది నాయనా. తీస్కపో."

"ఈ రంగు కార్లో పెండ్లికొడుకుని ఎట్ల కూసోబెట్టేది?"

"అది నీ ఇష్టమప్పా. కాఫీ తాగుతావా?"

కాఫీ తాగకుండానే పోయాడు. కర్నూలు నుంచి అద్దె కారు తెప్పించుకున్నారు. పెళ్లిరోజు అత్త అందరికంటే ముందే పోయి, కళ్యాణమంటపం వాకిట్లో, పూల కారు ఆగవలసిన చోట తన బూడిద కారు పెట్టించింది. పక్కింటి నేతపని చేసే అక్కను కూడా తీసుకుపోయింది. ఆమెకూ భర్త లేడు. అప్పటినుంచి ప్రతి పెళ్లికీ ఇదే వరస. వీధిలో శుభకార్యాలకు పిలుపు రాని ఆడవాళ్లంతా ఆ కారెక్కి పోయేవాళ్లు. పుణ్యం కోసం చేసిందని అబద్ధం చెప్పను. మరిది చూడాలని చేసింది. డ్రైవరు ఎప్పుడైనా బానెట్ మీద పాలిష్ రుద్దబోతే నోటికొచ్చినట్టు తిట్టేది. పొద్దున్నే ముందు సీట్లో కూర్చుని, డోరు తెరిచిపెట్టుకుని, ఉగ్గాణి బజ్జీ తినడం ఆమెకు ఇష్టం. "ఇంక మరిచిపోరాదా అత్తా" అని ఒకసారి అంటే, "మరిచిపోయే దానికి నాకేమన్నా జబ్బా?" అంది.

ఆమె కర్మ ముగిసిన రోజే మరిది నన్ను పక్కకు పిలిచాడు. మనవడి పెళ్లి ఉందట. వదిన పోయిందని వాయిదా వేస్తే మళ్లీ మంటపం దొరకదట. "తాళాలిస్తే తెల్లగా కొట్టిచ్చుకుంటాం. ఆమె ఉన్నన్నాళ్లూ ఆమె మాట సాగింది లే" అన్నాడు. ఇవ్వనన్నాను.

మరునాడు ఆ మనవడే ఫోన్ చేశాడు. "చిన్నమ్మా, రంగు మార్చద్దు. మ్యాట్ అంటే ఇప్పుడు శానా క్రేజు. నాకు ఆ కార్లోనే మెరవణి కావల్ల." పెళ్లివాళ్లు ముట్టుకోకూడదని ఆమె ఏరి కోరి వేయించిన రంగు ఈ పిల్లాడికి ముచ్చటైపోయింది! ఆమె పగ అంతా నీళ్లపాలైనట్టు ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేయబోయి, ఆగాను.

"ఇస్తా. ముందు సీట్లో మా అత్త కూసుంటాది."

"అవ్వ పోయింది గదా చిన్నమ్మా?"

"ఫోటో."

వాడు గొంతు తగ్గించాడు. "సరే చిన్నమ్మా. తాతకు నేను సెప్పను, నువ్వూ సెప్పద్దు" అన్నాడు.

మొన్న ఆదోనిలో మెరవణి బయల్దేరింది. ఫోటోను ముందు సీట్లో నిలబెట్టి నేనే కట్టాను. షెడ్డు వాకిట్లో బానెట్ మీద చెయ్యి వేసి, నోరారా నవ్వుతున్న ఫోటో అది. మరిది వంగి లోపలికి చూశాడు. మొహం మాడిపోయింది. ఏదో అనబోయేలోగా పెళ్లికొడుకు వెనక సీట్లోంచి "పోనీ అన్నా" అని డ్రైవరుకు చెప్పాడు. బ్యాండు మొదలైంది. సొంత తాత ఊరేగింపులో లేకపోతే ఊరంతా అడుగుతుంది కాబట్టి ఆయన నడవక తప్పలేదు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది తప్పని ఎవరైనా అంటే, అననివ్వండి.

పొద్దుటి ఎండలో బాకాలు, మోటార్ సైకిళ్లు, ఆడవాళ్ల నగలు అన్నీ తళతళలాడుతున్నాయి. ఆ కారొక్కటే ఏ మెరుపూ లేకుండా బజారు నడిమధ్య నెమ్మదిగా పోతోంది. ముందు అద్దం వెనక మా అత్త. కారు వెనక, పొగలో, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆమె మరిది.