నస్పూర్ క్వార్టర్ ఖాళీ చేసిన మిలిటరీ లారీ

మిలిటరీ వేలంలో బీరువా కొందామని వెళ్ళి లారీతో తిరిగొచ్చిన మనిషిని నేను. బీరువాలకు తుప్పు పట్టి ఉంది, లారీకి పట్టలేదు. మా అమ్మాయి సుజాతకు ఇన్నేళ్ళలో ఇంతకు మించి సంజాయిషీ ఇవ్వలేదు. యాభై ఏళ్ళు దాటిన ఆ ఆకుపచ్చ బండి గోదావరిఖనిలో మా ఇంటి ముందు సగం వీధి మింగి కూర్చుంటుంది. మనవలున్న ఆడది లారీ ఏమిటని అడిగేవాళ్ళు ముందు అడిగారు, తర్వాత ఇసుక కావలసి వచ్చి మానేశారు. అల్లుడు రాజేశం శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఈమధ్య ఇటువైపు బదిలీ కావడంతో నస్పూర్‌లోని కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. సామాను నా లారీలో తెస్తానన్నాను. సుజాత అక్కడికక్కడే షరతు పెట్టింది.

"తే అమ్మా, వద్దంటలేను. గానీ తొవ్వ నడిమిట్ల ఆగి, ఇంకో బండికి తాడు కట్టి గుంజుకొచ్చుడైతే మాత్రం తెల్లారి పాత ఇనుపోళ్ళను పిలుస్త. మల్ల మాట్లాడొద్దు."

నేను గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. నా కూతురు మాత్రం పూర్తిగా ఈ నేల మనిషి. సరేనన్నాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు బయలుదేరాను. పాత బండి ప్రయాణం సీట్లో కూర్చోవడంతో మొదలవదు. రేడియేటర్‌లో నీళ్ళు, ఇంజిన్ ఆయిలు, చక్రాల్లో గాలి చూడాలి, స్ప్రింగులకు గ్రీజు పెట్టాలి, కింద కొత్త మరక పడిందేమోనని వంగి చూడాలి. వంగితే మోకాళ్ళు మూలుగుతాయి. లారీకైతే హైదరాబాదు పాత సామాన్ల బజారులో విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి, మోకాళ్ళకే కష్టం. గేరు మార్చిన ప్రతిసారీ క్లచ్ రెండుసార్లు తొక్కాలి. తొందరపడితే వంటింట్లో గిన్నెల స్టాండు కూలినంత చప్పుడు.

గోదావరి వంతెన దాటి, ఇందారం క్రాస్‌రోడ్డు, శ్రీరాంపూర్ మీదుగా నస్పూర్ పాతిక కిలోమీటర్లు ఉంటుంది. కారుకు ముప్పావు గంట, నా బండికి గంటన్నర. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది కాబట్టి రానూపోనూ డీజిలుకు సుమారు పదమూడు వందలు. అద్దె బండివాడు ఇంతకు మూడింతలు అడిగాడు. ఇందారం దగ్గర ఇడ్లీకి ఆగితే, బండి మీద వడ్డించే ఆమె లారీని, నన్ను మార్చి మార్చి చూసింది.

"అవ్వా, డ్రైవర్ ఏడి?"

"నీ ముందే నిలబడింది."

"నువ్వా! లైసెన్సున్నదా?"

"ఉంది. నీ చట్నీకి ఉందా?"

ఆమె పగలబడి నవ్వి ఇంకో గరిటె పోసింది. చట్నీ నిజంగానే బాగుంది. ప్లేటు ముప్పై రూపాయలు.

నస్పూర్‌లో కాలనీవాళ్ళు చెయ్యేస్తే మధ్యాహ్నానికల్లా సామాను ఎక్కింది. బీరువా, ఫ్రిజ్ అన్నిటికంటే వెనక నిలబెట్టారు. భోంచేసి, ముగ్గురం ముందు సీట్లో కూర్చుని తిరుగు ప్రయాణమయ్యాం. మెయిన్ రోడ్డు మీద లారీల బారు ఉందని రాజేశం అడ్డదారి చూపించాడు. సన్నటి రోడ్డు. కొంత దూరం వెళ్ళేసరికి ఎదురుగా ఒక నీళ్ళ ట్యాంకరు వెనక చక్రం కల్వర్టు అంచున దిగబడి దారికి అడ్డంగా ఉంది. సరిగ్గా షిఫ్టు విడిచే వేళ. నిమిషాల్లో మా వెనక బైకులు, వాటి వెనక షిఫ్టు బస్సు.

నిలబెట్టిన చోటే ఇంజిన్ వేడెక్కసాగింది. ఆపుదామంటే, అంత వేడి మీద ఆ పాత బ్యాటరీతో మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. లేవకపోతే తాడే గతి.

"అమ్మా, ముల్లు ఎర్ర గీత కాడికొచ్చింది," అంది సుజాత, చేతిలో ఫోన్‌తో. "బండి గుంజే క్రేన్ అన్నకు ఫోన్ చెయ్యాల్నా?"

"ముందు నీ నోరు ఆపు. నేను ఇంజిన్ ఆపను."

ఆ కోపమంతా ట్యాంకరువాడి మీదికి మళ్ళించి హారన్ మూడుసార్లు గట్టిగా కొట్టాను. ట్యాంకరు అంగుళం కదల్లేదు. పక్క అద్దంలో చూస్తే మాత్రం మా వెనక రోడ్డు ఖాళీ అవుతోంది. బైకులను గబగబా పక్కకు గుంజుతున్నారు. ఒకావిడ మేకను చంకనెత్తుకుని గట్టెక్కింది. బస్సు డ్రైవరు కూడా మూడుసార్లు హారన్ కొట్టి వెనక్కి పోతున్నాడు.

రాజేశం కడుపు పట్టుకుని నవ్వాడు. "అత్తమ్మా, గనిల ఒక హారనంటే ఇంజిన్ చాలూ చేస్తున్నట్టు, రెండంటే ముందుకు, మూడంటే ఎన్కకు. వీళ్ళంత డ్యూటీ దిగొచ్చినోళ్ళు. ఎన్కకొస్తున్నవని జాగ ఇచ్చిన్రు."

"నేను వాణ్ణి తిట్టాను!"

"వాళ్ళకేమెరుక? మూడు కొట్టినంక పోకుంటే మంచిగుండది. పోవాలె."

అతని చెయ్యి స్టీరింగు వైపు వచ్చింది. "తియ్యి," అన్నాను. రివర్స్ గేరు ఒక్కసారికే పడింది. తల తిప్పి చూస్తే బీరువా, ఫ్రిజ్ తప్ప ఏమీ కనిపించదు. హెల్మెట్ ఇంకా నెత్తి మీదే ఉన్న ఒకాయన పరుగున వచ్చి అద్దంలో కనబడేలా నిలబడ్డాడు. "రా అవ్వా, రా... నీ దిక్కు జెర్ర స్టీరింగ్ కొయ్యి... ఫికర్ లేదు, రా... బస్, ఆపు!" భుజాలు పీకినా, ఫర్లాంగు దూరం వంకర లేకుండా వెనక్కి నడిపి, రోడ్డు పక్క ఖాళీ మైదానం దగ్గర బండి తిప్పాను. అప్పటికి లారీల బారు కరిగిన మెయిన్ రోడ్డెక్కి గాలి తగిలాక ముల్లు మెల్లగా దిగింది. సుజాత ఫోను సంచిలో పెట్టేసింది.

ఐదున్నరకు ఇల్లు చేరాం. సామాను దించాక సుజాత ఫ్రిజ్ చుట్టూ తిరిగి ఎక్కడైనా సొట్ట పడిందేమోనని వెతికింది. దొరకలేదు. అప్పుడు ఎటో చూస్తూ అంది: "నస్పూర్‌ల మా పక్క క్వార్టర్ స్వరూపక్క వచ్చే ఐతారం ఖాళీ చేస్తున్నది. మా అమ్మకు లారీ ఉన్నదని చెప్పిన. ఖాళీయేనా నువ్వు?"

పాత బండిని చూసినా, దాన్ని నడిపే పాత మనిషిని చూసినా జనం ముందు జాలిపడతారు. జాలితో రేడియేటరు చల్లబడదు. ఆ రోజు ఆ రోడ్డు మీద నా వయసెంతో, లారీ వయసెంతో ఎవరూ అడగలేదు. బండి వెనక్కి వస్తోంది, చోటివ్వాలి, అంతే. నాకు అంతకన్నా ఏ గౌరవమూ అక్కర్లేదు.

ఒక్క సలహా: ఈ దారిన బరువు బండితో వచ్చేవాళ్ళు మధ్యాహ్నం షిఫ్టు విడిచే వేళ, అంటే మూడింటి ప్రాంతంలో, గనుల పక్క రోడ్లు తప్పించుకోండి. తప్పకపోతే హారన్ లెక్కపెట్టి కొట్టండి. కొట్టాక మాట తప్పకండి.