సయీదా ఇంట్లో ఆగిపోయిన నాటకం

విజయవాడ వన్ టౌన్‌లో గాజుల కొట్టు నడిపే సయీదాకు ప్రభుత్వమంటే మొదట్నుంచీ చిన్నచూపే. కుళాయిలో నీళ్లు ఇవ్వలేనివాళ్లు దేశాన్నేం ఏలుతారనేది. ఆ చిన్నచూపు ఏవగింపుగా మారింది మాత్రం తొంభై తొమ్మిదిలో, కార్గిల్ యుద్ధం జరుగుతుండగా.

సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చాక ఆవిడ కేబుల్లో పాకిస్తాన్ టీవీ నాటకం చూసేది. పక్కింటి పద్మావతమ్మకు ఉర్దూ రాదు. అయినా వేయించిన శనగలు పట్టుకుని వచ్చి కూర్చునేది. సయీదా తెలుగులో చెబుతుంటే నాటకంలోని అత్తను నోరారా తిట్టేది. అదయ్యాక సయీదా అక్కడి వార్తలు, ఆ తర్వాత ఇక్కడి వార్తలు పెట్టేది. రెండు చోట్లా గెలుపే.

"ఇద్దరూ గెలిచే యుద్ధం ఎక్కడైనా ఉందా అండీ?" అని నవ్వేది.

జూన్‌లో ఒకనాడు తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు. కేబుల్ నడిపే తారిక్‌ను పిలిచి అడిగింది.

"ఢిల్లీ నుంచి ఆర్డరొచ్చింది సయీదా ఆపా. ఆ ఛానెల్ బంద్. చూస్తే జనం చెడిపోతారంట."

"అత్తాకోడళ్ల తగువు చూసి చెడిపోయేవాళ్లమైతే మన ఇళ్లలోనే ఎప్పుడో చెడిపోయుండేవాళ్లం కదరా!"

వారం తిరక్కుండానే ఓ అధికారి తారిక్‌ను వెంటబెట్టుకుని తనిఖీకొచ్చాడు. పద్మావతమ్మ ఇంటిని వదిలేసి, చెప్పులతోనే సయీదా ఇంట్లోకి నడిచాడు. రిమోట్ అందుకుని ఛానెళ్లన్నీ తిప్పాడు.

"ఏం దొరికింది సార్?" అంది సయీదా. "మీ చెప్పుల బురద తప్ప మా ఇంట్లో కొత్తగా ఏం లేదు."

అతను మొహం చిట్లించాడు. "ఇదంతా దేశ క్షేమం కోసమమ్మా. మీకర్థం కాదు."

"ఎందుకర్థం కాదు? ఇన్నాళ్లూ ఇద్దరి అబద్ధాలూ విని, నిజమేదో నేనే వెతుక్కునేదాన్ని. ఇప్పుడు ఒకరి అబద్ధమే వినమంటున్నారు. అదేనా క్షేమం?"

గుమ్మంలోంచి పద్మావతమ్మ గొంతు వినిపించింది. "మా ఇంటికి రాలేదేమండీ? ఆ నాటకం నేనూ చూశాను. రండి, మా టీవీ కూడా తిప్పి చూడండి."

అధికారి వినపడనట్టే మెట్లు దిగిపోయాడు. ఆ వెనకాలే తారిక్ తలొంచుకుని నడిచాడు.

మర్నాడే సయీదా కేబుల్ తీయించేసింది. వద్దని తారిక్ బతిమాలితే, "ఒంటికన్ను టీవీ నాకెందుకురా, పట్టుకుపో" అంది.

ఆ ఛానెల్ సంగతి తర్వాత ఏమైందో ఆవిడ పట్టించుకోలేదు. పద్మావతమ్మ మాత్రం కథ చివరికేమైందో చెప్పమని ప్రాణం తీసేది. పడలేక సయీదా తనే అల్లి చెప్పింది: కోడలే ఇంటి పెత్తనం తీసుకుంది, అత్త నోరు మూసుకుని ఓ మూల కూర్చుంది.

"అంతేనా? దానికి ఆ శిక్ష చాలదు" అంది పద్మావతమ్మ.