తప్పులన్నీ మా బావవే

లోకంలో కొందరు స్థలాలు కబ్జా చేస్తారు. మా బావ తప్పులు కబ్జా చేస్తాడు. ఎక్కడ ఎవరు ఏ పొరపాటు చేసినా, అది చల్లారేలోగా వెళ్ళి "తప్పు నాదే" అని సొంతం చేసుకుంటాడు. అసలు హక్కుదారు నోరు తెరిచేసరికి రిజిస్ట్రేషన్ కూడా అయిపోయి ఉంటుంది.

మా అక్క మొగుడు కదా అని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఇది గుణమో రోగమో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆరేసిన బట్టలు వానకు తడిస్తే, "తప్పు నాదే, పొద్దున ఒకసారి ఆకాశం వంక చూడాల్సింది" అంటాడు. బస్సులో ఎవరో బూటుకాలితో ఆయన పాదం తొక్కితే, "తప్పు నాదేనండీ, కాలు అక్కడ పెట్టకూడదు" అంటాడు. తొక్కిన మనిషి ఒక్కక్షణం ఆలోచించి, "ఇకనుంచి చూసుకోండి మరి" అని మందలించి దిగిపోతాడు.

మా అక్క గోడు వేరు. "ఎవరికైనా మొగుడితో తృప్తిగా పోట్లాడే యోగం ఉంటుంది. నాకు అదీ లేదే" అని ఒకరోజు నా దగ్గర వాపోయింది. "నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆయన ఏదో ఒకటి అంటాడు, నేనూ నాలుగు అందాం అని కొంగు బిగించి కూర్చున్నాను."

"తప్పు నాదే అన్నాడా?"

"ఉప్పు డబ్బా అంత అందుబాటులో పెట్టింది తనేనట."

బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఒకసారి ఒక పెద్దమనిషి గొడుగు మొనతో బటన్లన్నీ పొడిచి, రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయాడు. బావ బయట మరలు విప్పుతూనే క్షమాపణలు మొదలుపెట్టాడు. "తప్పు నాదేనండీ, పోయిన వారమే ఆ బటన్లు చూసి ఉండాల్సింది." లోపలి గొంతు, "అయ్యో, పొడిచింది నేనైతే మీరేం చేస్తారండీ" అంది. "పొడిచినా తట్టుకునేవి బిగించాల్సింది నేను కదండీ" అన్నాడు బావ. తలుపు తెరుచుకునేసరికి ఆ పెద్దమనిషే బావ వీపు నిమిరి, మంచినీళ్ళు తెప్పించి తాగించాడు.

ఇలాంటి మనిషి మా బ్యాండులో చేరాడు. మాది మెటల్‌కోర్ బ్యాండు, పేరు 'పగుళ్ళు'. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఈ సంగీతంలో గిటారు రంపంలా కోస్తుంటే ఒకరు గొంతు చించుకుని అరవాలి. ఉన్నట్టుండి తీయగా పాడాలి. ఆ తర్వాత అందరూ వేగం తగ్గించి, ఒకే దెబ్బ మీద బరువుగా పడాలి. ఆ పడే చోటును బ్రేక్‌డౌన్ అంటారు. ఆ మాట మొదటిసారి వినగానే బావ పనిముట్ల సంచీ అందుకున్నాడు. అరిచేది నేను. పగలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను కాబట్టి అరుపులు నాకు కొత్త కాదు.

గిటారు వాయించేవాడు పగలు ఆడిటర్. పరాయివాళ్ళ తప్పులు వెతకడం అతనికి పగలు ఉద్యోగం, సాయంత్రం సరదా. పుట్టినప్పటి నుంచి తన వల్ల పొరపాటు జరిగినట్టు అతను ఒప్పుకోగా విన్నవాళ్ళు లేరు. డ్రమ్స్ వాయించేది ఒక స్కూల్లో ఆటలు నేర్పే మాస్టారు. గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావలసినంత భారీ మనిషి, మెడలో ఎప్పుడూ ఈల. ఆయన అడుగు చప్పుడు వింటే స్కూలు స్కూలంతా నిలువునా నిలబడుతుందట. మనసు మాత్రం వెన్న. ఇదివరకటి బ్యాండు వాళ్ళు నిండు సభలో మైకులో ఆయన తప్పు ఎత్తిచూపి, స్టేజీ దింపేశారు. అప్పటినుంచి "తప్పు" అని ఎవరు వేలు చూపినా ఆయన చేతులు కొయ్యబారిపోతాయి. ఆ తర్వాత ఆ రోజుకి వాయింపు లేనట్టే. అదృష్టం కొద్దీ మా దగ్గర ఆయన తప్పు వాయించిన పాపాన పోలేదు. తప్పులన్నీ బావవే కదా.

మంద్రంగా మోగే లావు తీగల గిటారు వాయించే మా పాత బాస్ గిటారిస్టు ఊరు మారిపోతే, మాకు వెంటనే దొరికింది బావే. పెళ్ళికి ముందు ఒక పెద్ద హోటల్లో, జనం భోంచేస్తుంటే పక్కన మెల్లగా వాయించే బృందంలో ఉండేవాడు. "అన్నం అరగడానికి వాయించేవాడు మన వేగం అందుకోగలడా?" అని ఆడిటర్ మొదటిరోజే పెదవి విరిచాడు.

అతని మాటే నిజమైనట్టు కనిపించింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం బావ వాళ్ళ సామాన్ల గదిలో సాధన. పాట ఊపందుకుంటుంది, బ్రేక్‌డౌన్ దగ్గరికొస్తుంది, టంగుమని బాస్ తీగ తప్పుగా మోగుతుంది, అంతా ఆగిపోతుంది.

"తప్పు నాదే. వేలు జారింది."

మళ్ళీ మొదలు. మళ్ళీ టంగు.

"తప్పు నాదే. తుమ్మొచ్చింది."

"తుమ్మలేదు కదా బావగారూ" అంటాడు ఆడిటర్.

"వస్తుందేమో అనుకున్నాను. అలా అనుకోవడం తప్పు."

ఇన్ని ఆటంకాల మధ్య కూడా మేము పైకొచ్చాం. చిన్న చిన్న హాళ్ళలో మొదలుపెట్టి, మా పేరున్న టీషర్టులు వేసుకుని కుర్రకారు తిరిగేదాకా వచ్చాం. ఒక చిన్న మ్యూజిక్ కంపెనీ మా ఐదు పాటలతో సీడీ వేస్తామంది. మా మొదటి విడుదల. ఆ కబురు విని బావ ఇంటికెళ్ళి, టీవీ పక్క గూట్లో ఉన్న పింగాణీ బొమ్మలన్నీ తీసేశాడు. సీడీ పెట్టడానికి చోటట. అక్క ఆ బొమ్మలను ఎక్కడ పెట్టాలో తెలియక బీరువా మీద వరసగా నిలబెట్టింది.

స్టూడియోలో సౌండ్ ఇంజనీరు ఒక పెద్దావిడ. పొదుపుగా మాట్లాడుతుంది. ఆవిడ "లోపలికి రండి" అనగానే బావ చేతులు జోడించాడు.

"అమ్మా, 'దయచేసి తలుపు మూయండి' మీదే కదూ?"

ఆవిడ తొలిసారి నవ్వింది. "లిఫ్టులకి గొంతిచ్చి చాలా కాలమైంది. ఎలా గుర్తుపట్టారు?"

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మీరు చెబుతూనే ఉన్నారు, నేను మూస్తూనే ఉన్నాను" అన్నాడు బావ. మా సీడీకి పేరు అక్కడికక్కడే కుదిరిపోయింది. 'దయచేసి తలుపు మూయండి'.

పేరు కుదిరింది కానీ పాటలు కుదరలేదు. ముందుగా డ్రమ్స్, బాస్ కలిపి రికార్డు చెయ్యాలి. ఇద్దరూ కలిసే వాయిస్తారు, కానీ దేని ట్రాకులో అది విడిగా పడుతుంది. అద్దం ఇవతల మేము, అవతల మాస్టారూ బావా. పాట మొదలు, టంగు, తప్పు నాదే. పాట మొదలు, టంగు, తప్పు నాదే. పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా ఒక్క పాట పూర్తికాలేదు. స్టూడియో మాకు దొరికిందే మూడు రోజులు.

ఆడిటర్ నన్ను పక్కకి పిలిచాడు. "ఇలాగైతే సీడీ రాదు. బాస్ నేనే వాయించి కలిపేస్తాను. ఆయన పేరు వెయ్యం. నీ బావ కదా, నువ్వే చెప్పు."

వేరే దారి ఏదైనా చెబుదామంటే ఏదీ తట్టలేదు. బయట వరండాలో బావ స్టూడియో వాళ్ళ లిఫ్టు తలుపుకి నూనె వేస్తున్నాడు. ఎవరూ అడగలేదు.

"బావా, ఒక మాట చెప్పాలి. ఏమనుకోకు."

"బాస్ ఆడిటర్ గారు వాయిస్తారు, అంతేగా? తప్పు నాదేనమ్మా, నీచేత ఈ మాట చెప్పించేదాకా తెచ్చుకున్నాను" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. ఆ తర్వాత కాసేపు నూనె డబ్బా మూత కోసం వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది. "ఒక్కటి మాత్రం అడుగు. మాస్టారు వాయించేటప్పుడు నేను ఆయన పక్కన కూర్చోవచ్చా? ఊరికే, ఉత్త చేతులతోనే."

సరేనని లోపలికి వచ్చాను. గదిలో ఆడిటర్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. సౌండ్ ఇంజనీరు మా ఇద్దరికీ హెడ్‌ఫోన్స్ ఇచ్చింది.

"ముందు డ్రమ్స్ ఒక్కటే వినండి."

విన్నాం. బ్రేక్‌డౌన్‌కి సరిగ్గా ముందు మాస్టారి చెయ్యి తడబడింది. దెబ్బ ఒకటి ముందుకి దూకేసింది.

"ఇప్పుడు బాస్ ఒక్కటే."

గడియారంలా సాగుతోంది. సరిగ్గా ఆ దెబ్బ దూకిన లిప్తలో, టంగు. ఆవిడ ఇంకో టేకు వినిపించింది, ఆ తర్వాత ఇంకొకటి. ప్రతిదానిలోనూ ముందు మాస్టారు తడబడతారు, వెంటనే బావ టంగుమనిపిస్తాడు. మా చెవిన పడేది టంగు ఒక్కటే కాబట్టి అందరం బావ వంకే చూస్తాం. మాస్టారు తడబడని చోట బావ వేలు ఒక్కసారి కూడా జారలేదు.

"ఇంత నిక్కచ్చిగా తప్పు వాయించాలంటే ఎంత బాగా వాయించడం వచ్చి ఉండాలో" అంది ఆవిడ. ఆడిటర్ కళ్ళజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

ఇద్దరం వరండాలోకి వెళ్ళి బావని నిలదీశాం. దొంగతనం బయటపడినట్టు అటూ ఇటూ చూశాడు.

"మెల్లగా. మాస్టారు వింటారు."

"ఎందుకు బావా ఇదంతా?"

"తప్పు తనదని తెలిస్తే ఆయన చేతులు బిగుసుకుపోతాయి కదమ్మా. నాదైతే నవ్వేసి, రెండోసారి దివ్యంగా వాయిస్తారు. ఇవాళ కొత్త చోటు కదా, బెదురు ఎక్కువగా ఉంది. సర్దుకుంటారు."

"మీ పేరు లేకుండా సీడీ వచ్చేసేది కదండీ" అన్నాడు ఆడిటర్.

"నా పేరుదేముందండీ. ఇప్పుడు ఆయన్ని దింపేస్తే మళ్ళీ డ్రమ్ము కర్రలు పట్టుకోరు."

గూట్లో ఖాళీ చేసి ఉంచిన చోటు గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. బావ కంగారుపడి, "తప్పు నాదే, చెప్పే తీరు బాగాలేదు" అన్నాడు.

మధ్యాహ్నం మళ్ళీ మొదలైంది. బావ చేతికి బాస్ తిరిగొచ్చింది. ఈసారి ఆడిటర్ కూడా గిటారు తీసుకుని, తోడుగా వాయిస్తానని అద్దం అవతలికి వెళ్ళాడు. బ్రేక్‌డౌన్ వచ్చింది, మాస్టారి చెయ్యి తడబడింది, బావ వేలు కదిలేలోగా ఆడిటర్ గిటారు కర్ణకఠోరంగా మోగింది. ఆడిటర్ గుటకలు మింగాడు. నోటికి అలవాటు లేని మాట కదా, చాలా దూరం నుంచి రావాల్సి వచ్చింది.

"త... తప్పు నాదే."

మాస్టారు నవ్వేశారు. బావ మాత్రం నవ్వలేదు. తన స్థలంలో ఎవరో కంచె వేసినట్టు ఆడిటర్ వంక అలాగే చూశాడు. మర్నాడు నేనూ రెండు తప్పులు సంపాదించుకున్నాను. మూడో రోజుకి మాస్టారి బెదురు తీరిపోయి, ఐదు పాటలూ పూర్తయ్యాయి.

విడుదల నాడు సాయంత్రం హాలు కిటకిటలాడింది. ముందు స్పీకర్లలో ఆ పెద్దావిడ గొంతు "దయచేసి తలుపు మూయండి" అంది, జనం హోరెత్తారు. రెండు పాటలు నిప్పులా సాగాయి. మూడో పాట బ్రేక్‌డౌన్‌లో మాస్టారి చేతిలోంచి కర్ర ఎగిరి, ఆడిటర్ చెవి పక్కనుంచి దూసుకుపోయి, స్టేజీ అంచున పడింది. పాట ఆగిపోయింది. ముగ్గురం ఒక్కసారే మైకుల్లోకి వంగాం.

"తప్పు నాదే."

హాలంతా గొల్లుమంది. మాస్టారు లేచి నిలబడ్డారు. మెల్లగా నా దగ్గరికొచ్చి మైకు తీసుకున్నారు.

"స్కూల్లో అద్దం పగలగొట్టింది ఎవడో, మీదేసుకుంటున్నది ఎవడో మొహం చూస్తే తెలిసిపోతుంది నాకు. నా ఉద్యోగమే అది. బావగారి సంగతి రెండో ఆదివారమే తెలిసింది" అన్నారు. "చెబితే మానేస్తారేమోనని చెప్పలేదు. ఇవాళ చేతులు బిగుసుకోలేదు. ఈ తప్పు నాది. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యండి బావగారూ."

జనం చప్పట్లు కొట్టారు. బావ తన మైకు సర్దుకున్నాడు. "అది కాదు మాస్టారూ, ఆ కర్రలకి జారకుండా టేపు చుట్టింది నేనే కదా, అది కాస్త వదులుగా..."

మాస్టారు ఈల ఊదారు. హాలంతా నిలువునా నిలబడింది. బావ నోరు మూసుకున్నాడు. పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాం, ఈసారి బ్రేక్‌డౌన్‌లో నలుగురం ఒకే దెబ్బ మీద పడ్డాం. నేను ఏడుస్తూనే అరిచాను. అరుపులో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు అక్కా వాళ్ళింటికి వెళ్ళాను. టీవీ పక్క గూట్లో సీడీ ఒక్కటే దర్జాగా కూర్చుని ఉంది. అక్క దాన్ని తీసి, వెనక అట్ట చదువుతోంది. అచ్చు పని చూసుకున్నది ఆడిటర్. గొంతు, గిటారు, డ్రమ్స్ అని మా ముగ్గురివీ వేసి, చివర 'బాస్, తప్పులన్నీ: బావ' అని వేయించాడు.

"ఏవండీ, అందరికీ వాయించేవి రాసి, మీకు మాత్రం తప్పులు అని వేశారేంటి?" అంది అక్క. చాలాకాలానికి దొరికిన పోట్లాట అది, ఆమె మొహం వెలిగిపోతోంది. "ఇంత కష్టపడితే ఇదా మర్యాద? ఎవరు చేశారు ఈ పని?"

బావ అట్ట తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. ఆయన మొహంలో ఒక నవ్వు వచ్చి, అక్కడే ఉండిపోయింది.

"అచ్చులో ఏదో పొరపాటు పడినట్టుంది" అన్నాడు. "తప్పు నాదే. ముందే ఒకసారి చూసుకోవాల్సింది."