ఎర్రనీళ్ల పాఠం

మొన్న పంజాగుట్టలో కొత్తగా తెరిచిన బట్టల కొట్టు ముందు ఎవరో దిష్టి తీసి ఎర్రనీళ్లు పారబోశారు. మెడలో ఆఫీసు కార్డులు వేలాడుతున్న ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఆ తడిని తప్పుకుని నడిచారు. నాకు నవ్వొచ్చింది, వెనకే పాత కోపమూ వచ్చింది.

అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు పోస్టరు అంటించే రోజులవి. మధురానగర్ వైపు సందులో ఓ చిన్న ప్రైవేటు బడిలో ఐదో తరగతికి సైన్స్ చెప్పేదాన్ని. పుస్తకంలో లిట్మస్ కాగితం బొమ్మ ఉండేది, బడిలో ఆ కాగితం ఉండేది కాదు. ఓ రోజు ఇంటి నుంచి పసుపు, సున్నం పట్టుకెళ్లి పళ్లెంలో నీళ్లు పోసి కలిపాను. ఎర్రబడ్డాయి. ఎందుకని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "దిష్టికి" అన్నారు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో చూస్తున్నదే, అయినా సున్నం పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? పాఠం అయ్యాక పిల్లలు ఇంటి అలవాటు కొద్దీ ఆ నీళ్లు తీసుకెళ్లి గేటు ముందు పోశారు. అడ్మిషన్ కోసం వచ్చిన దంపతులు వాటిని చూసి అటునుంచి అటే వెళ్లిపోయారు.

మా కరస్పాండెంటు గారిదీ మా గుంటూరు వైపే. కెమిస్ట్రీ డిగ్రీకి ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించుకున్నారు. "ఏంటి మేడమ్ ఇది? పేరెంట్స్ కంప్యూటర్లు చూసి పిల్లల్ని చేరుస్తుంటే మీరు దిష్టి తీస్తున్నారా? పుస్తకంలో ఉన్నది చెప్పండి, లేదా సైన్స్ వదిలెయ్యండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ పళ్లెం కలిపి, క్లాసును వెంటబెట్టుకుని ఆయన గదికే వెళ్లాను. యూసుఫ్‌గూడ కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి నిమ్మచెక్క అందిస్తూ, "సార్, గిది సున్నం తోటే ఎర్రగైంది. జర నిమ్మకాయ పిండి చూడుండ్రి, మల్ల పసుపు రంగైతది" అంది. ఆయన చెయ్యి చాపలేదు. "ముందు దాన్ని బయట పెట్టించండి" అంటూ కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. ఆ పిల్లే పిండింది. ఎరుపు విరిగి పసుపు తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన నా సైన్స్ పీరియడ్ తీసేసి నీతి పాఠాలు అప్పగించారు.

తీసుకున్నాను. భయపడే ముందు కారణం అడగడం కూడా నీతేనని చెప్పి, ఆ పీరియడ్లోనూ అదే పళ్లెం కలిపించాను. మళ్లీ పిలిచారు, మళ్లీ వెళ్లాను, మళ్లీ కలిపాను. కాలమే అన్నిటినీ మారుస్తుందని అందరూ అంటారు. నేను నమ్మను. ఎవరో ఒకరు పళ్లెంలో వేలు పెట్టకపోతే కాలం ఊరికే గడిచిపోతుంది, అంతే.